నూటికి రెండు

తొమ్మిదీ పదిహేనుకి ఇంకా నలభై ఎనిమిది నిమిషాలుంది. పాసింజరు ఆమదాలవలస స్టేషన్లో కదులుతుంటే చంద్రమౌళి గడియారం చూసుకుని వేసుకున్న మొదటి లెక్క అది. మార్కెట్టు తెరిచేది తొమ్మిదీ పదిహేనుకి, ఈ బండి నౌపడ చేరేది తొమ్మిదిన్నర దాటాక, మధ్యలో ఓ ఇరవై నిమిషాలు. దేవుడు తలుచుకుంటే ఇరవై నిమిషాల్లో ఏమైనా చెయ్యగలడు, కానీ యాభై రెండేళ్ళు వచ్చాక చంద్రమౌళికి దేవుడి తలపుల మీద పెద్దగా ఆశ లేదు. ఫోను తెర మీద ఒక సిమెంటు కంపెనీ షేరు పేరు, దాని కింద ధర నాలుగు వందల యాభై అయిదు, దాని కింద 'ఎంత' అన్న చిన్న గడి ఖాళీగా. నిన్న సాయంత్రం ఆ షేరు గడిచిన ఇరవై రోజుల్లో ఎన్నడూ లేనంత ధర పలికింది. పద్ధతి ప్రకారం ఇవాళ కొనాలి. ఎప్పుడు కొనాలో పద్ధతే చెప్తుంది, ఎప్పుడు అమ్మాలో కూడా పద్ధతే చెప్తుంది, ఎంత కొనాలో మాత్రం మనిషి తన చేత్తో రాసుకోవాలి. షేరు నలభై రూపాయలు దిగితే అమ్మెయ్యాలి, అలా ఒక్క దెబ్బకి ఉన్నదాంట్లో నూటికి రెండు రూపాయల కన్నా పోకూడదన్న నియమం పాటిస్తే రెండు వందల అయిదు షేర్లు. ఉన్నదంతా ఊడ్చి పెడితే తొమ్మిది వందలు. తొమ్మిది వందలు కొని, షేరు ఇంకో వంద రూపాయలు పెరిగితే, ఉన్నదానికి తొంభై వేలు కలిసి, తులసి అడిగిన అయిదు లక్షలూ అయిపోతాయి. వంద రూపాయలు. అదేమంత? నిరుడు పది రోజుల్లో పెరిగిన షేరే కదా, పెరగకపోతుందా, పెరగదు, ఎందుకు పెరగదు. ఎదుటి సీటులో వంకాయల గంప ఒళ్ళో పెట్టుకున్న ముసలమ్మ అతని పెదాలు కదలడం చూసి, మంత్రం చదువుకుంటున్నాడు కాబోలనుకుని, కాళ్ళు వెనక్కి తీసుకుంది.

మంత్రమే. ఆరేళ్ళుగా అదే మంత్రం. నూటికి రెండు, నూటికి రెండు. విజయనగరంలో నాన్న ఉప్పూ చింతపండూ అమ్మిన కొట్టు వెనక గదిలో కూర్చుని, గోడకి అట్ట ముక్క మీద రాసి అంటించుకున్న మంత్రం. హైమ పెళ్ళయిన కొత్తలో ఆ గోడకే పసుపు ముద్రలు వేసింది, తర్వాత ఆ అట్ట వాటిని కప్పేసింది. హైమ ఏమీ అనదు. రెండో ఏడాది గాజులు అడిగినప్పుడు కూడా ఏమీ అనలేదు, సబ్బు నురగ పెట్టి తీసి ఇచ్చి, అన్నం వడ్డించింది. అతని సొంత డబ్బు అలాగే, పద్ధతిగా, నియమం తప్పకుండా పోయింది. అది పోయినందుకు నిద్ర చెడలేదు. మన చేతి డబ్బు, మన చేతి వాత. తులసి డబ్బు అలా కాదు. పది రోజుల కిందట తులసి ఫోను చేసి, కోటబొమ్మాళిలో ఒక పాత వ్యాను ఉన్నాది అన్నయ్యా, వెనక ఐసు పెట్టె కూడా ఉన్నాది, అయిదు లచ్చలంటన్నాడు, వినోద్ కోసం, అంది. వచ్చే వారం వస్తానన్నాడు. మూడు రోజులకి మళ్ళీ చేసింది. బ్యాంకు పని ఉందన్నాడు. మళ్ళీ చేసింది. జ్వరమన్నాడు. ఆ తర్వాత ఆమె చెయ్యలేదు. చెయ్యకపోవడమే ఎక్కువ బాధపెట్టింది, అందుకే ఇవాళ బుధవారం పూట తెల్లారకుండా లేచి, కాఫీ కూడా తాగకుండా, నిజం చెప్పేద్దామని బండెక్కాడు. బండెక్కాక నిన్నటి సిమెంటు షేరు గుర్తొచ్చింది. మనిషి బుద్ధి ఎంత గొప్పదంటే, ఉరి తీయడానికి తీసుకెళ్తుంటే దారిలో బజారు ధరలు అడుగుతుంది.

వంశధార వంతెన మీద బండి చప్పుడు మారింది. కింద ఆషాఢపు కొత్తనీరు ఎర్రగా, ఇసుక తిన్నెల్ని ఒరుసుకుంటూ పోతోంది. ఈ నీళ్ళు సముద్రంలో కలిసే చోట చేప బాగా పడుతుందని కూర్మయ్య చెప్పేవాడు. కూర్మయ్య. ముప్ఫయ్యేళ్ళ కిందట నాన్న గోవిందరావుతో కలిసి ఉప్పు కోసం నౌపడ వెళ్ళినప్పుడు, రాశి మీంచి బస్తా భుజానికెత్తుకుని, "సిన్న సేటు సామాన్యుడు కాడు, ఉప్పుని సూసి పంచదారనుకుంటన్నాడు" అని అందర్నీ నవ్వించినవాడు. వేసవిలో వేట నిషేధం రెండు నెలలూ వాళ్ళ పేటలోని మగవాళ్ళు ఉప్పు మళ్ళలో బస్తాలు మోసేవారు. మూడో ఏడాదికి కూర్మయ్య అతన్ని బావా అనడం మొదలుపెట్టాడు. కోమటోళ్ళ అబ్బాయిని, చేప వాసనకే ముక్కు మూసుకునేవాణ్ణి, బావా అన్నాడు. కాబట్టి అతని భార్య తులసి అన్నయ్యా అంది. కాబట్టి కొడుకు వినోద్ మావయ్యా అన్నాడు. వాళ్ళింట్లో అన్నం తినడని తెలిసి తులసి అతనొచ్చినప్పుడల్లా కత్తి మూడుసార్లు కడిగి కొబ్బరి బొండాం చెక్కి ఇచ్చేది. మూడోసారి కడిగినప్పుడు కత్తిని ఎండలోకి ఎత్తి చూపించేది, నీచు లేదు సూడు అన్నట్టు. ఆ కత్తి మెరుపు ఇప్పుడు నీళ్ళ మీద కనిపించినట్టయింది, వంతెన అయిపోయింది.

తిలారు. ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, ఎవరి ఫోనులోనో సినిమా డైలాగులు గట్టిగా మోగుతున్నాయి. ఎనిమిదీ నలభై ఆరు. ఎప్పుడు మొదలైంది ఇదంతా? ఉప్పు రాశి నీడలో కూర్చుని కూర్మయ్యకి తన కొత్త విద్య చెప్పిన రోజు. పేరు మోసిన పద్ధతి బావా, దేశదేశాల్లో ఆడతారు, పుస్తకాలున్నాయి, అన్నాడు. ఇరవై రోజుల గరిష్ఠం దాటితే కొను, పది రోజుల కనిష్ఠానికి దిగితే అమ్ము, అంతే. అన్నిటికన్నా ముఖ్యం డబ్బుని కాపాడుకోవడం, ఒక్క బేరంలో నూటికి రెండు కన్నా పోగొట్టుకోకూడదు, అప్పుడు వరసగా పది బేరాలు తప్పినా మనిషి నిలబడే ఉంటాడు. దీన్ని తాబేలు పద్ధతి అంటారు, అమెరికాలో ఎవరో పెద్దాయన తన శిష్యులకి తాబేళ్ళని పేరు పెట్టాడట. కూర్మయ్య బీడీ ఆర్పేసి కళ్ళు పెద్దవి చేశాడు. "తాబేలా? మా కూర్మనాదుడి పద్దతే కదేటి బావా! నా పేరే పెట్టినారు." తర్వాత ఆలోచించి, నూటికి రెండు సంగతి తనకి కొత్తేం కాదన్నాడు. వాళ్ళ పేటలో ఒకే ఇంటివాళ్ళు ఒకే బోటు ఎక్కరు. తండ్రి ఒక దాంట్లో, కొడుకు ఇంకో దాంట్లో. బావమరుదులు కూడా అంతే. సముద్రం ఒక బోటు అడిగితే ఇస్తాం, ఇల్లంతా ఇయ్యం, అన్నాడు. అప్పుడు చంద్రమౌళికి ఒళ్ళు గగుర్పొడిచింది. పెద్ద పెద్ద పుస్తకాల్లో చదివింది ఒక బస్తాలు మోసే మనిషి నోట, వాడి తాతల నాటి ఆచారంగా వినిపించేసరికి పద్ధతి మీద నమ్మకం కొండంత అయింది. ఆ తప్పు ఇంకెవరూ చెయ్యరు. పేరు కలిసిందని కూర్మయ్య, నియమం కలిసిందని చంద్రమౌళి, ఇద్దరూ పొంగిపోయారు. పద్ధతి అసలు డబ్బు తెస్తుందా అని ఆ రోజు ఇద్దరిలో ఒక్కడూ అడగలేదు.

నాన్న అడిగాడు. పక్షవాతం వచ్చి మంచంలో ఉన్న గోవిందరావు, మాట సగం తిరిగీ తిరగక, ఏటిరా ఆ గదిలో సేస్తన్నావు అన్నాడు. వివరంగా చెప్పాడు, నూటికి రెండు సంగతి మరీ మరీ చెప్పాడు. అరవయ్యేళ్ళు చింతపండు తూచిన మనిషి చాలాసేపు ఇంటి కప్పు చూసి, "తూకం సరిగ్గా ఉంటే పుచ్చు సరుకు మంచిదయిపోతాదేటిరా?" అన్నాడు. చంద్రమౌళి నవ్వి దుప్పటి సర్దాడు. ముసలాయనకి ఏం తెలుసులే అనుకున్నాడు. ఇంట్లో పెద్దవాడి మాట పెద్దవాడు పోయాక అర్థమవుతుంది, అదేం శాపమో. తూకం తప్పలేదు నాన్నా. ఆరేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. సరుకే పుచ్చు. అందరికీ తెలిసిన దారిలో అందరూ ఒకేసారి నడిస్తే ఆ దారి బురదవుతుంది, అంతే కదా, ఒకప్పుడు నడిచినవాళ్ళకి అది గట్టి నేల. షేరు ఇరవై రోజుల గరిష్ఠం దాటుతుంది, ఇతను కొంటాడు, మూడో రోజుకి చల్లగా కిందికి దిగుతుంది, ఇతను అమ్ముతాడు, నూటికి రెండు పోతుంది. మళ్ళీ దాటుతుంది. మళ్ళీ. గెలిచినవి పోగా నలభై నాలుగు దెబ్బలు. ఒక్కటీ పెద్ద దెబ్బ కాదు. ఒక్కటీ ఏడవాల్సిన దెబ్బ కాదు, అదే మోసం. చెంప పగిలేలా కొట్టి ఉంటే మొదటి నెలలోనే మానేసి మిగిలింది తెచ్చి తులసి చేతిలో పెట్టేవాడు. నియమం అతన్ని బతికించింది, బతికించి ఆరేళ్ళు పోగొట్టుకోనిచ్చింది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, పద్ధతిగా తిన్నా కరుగుతాయి.

హరిశ్చంద్రపురం బోర్డు కిటికీలోంచి దాటింది. ఆ పేరు ఇవాళ్టి పొద్దునే రావాలా అనుకుని తనలో తనే నవ్వుకున్నాడు. పట్టాల పక్క మళ్ళలో ఉభాలు సాగుతున్నాయి, ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. ఎనిమిదీ యాభై తొమ్మిది. కూర్మయ్య పోయింది ఇలాంటి ఆషాఢంలోనే. ఆ తెల్లవారుజామున అతని బోటుకి ఒక మనిషి తక్కువయ్యాడు. ఒడ్డున తులసి తమ్ముడు అప్పలసూరి ఖాళీగానే ఉన్నాడు, నేనొస్తాను బావా అన్నాడు. మనవిద్దరం ఒకే బోటేటిరా అని కసిరి, ఉన్నవాళ్ళతోనే వెళ్ళిపోయాడు. గాలి తిరిగింది. ఆ మర్నాడు బోటు చెక్కలు వచ్చాయి, మూడో రోజు కూర్మయ్య వచ్చాడు. అప్పలసూరి బతికాడు. పేటంతా ఆచారం కాపాడిందన్నారు. చంద్రమౌళి కూడా, ఏడుస్తూనే, అదే అన్నాడు. ప్రభుత్వం పరిహారం పది లక్షలు ఇచ్చింది. నెల మాసికం అయ్యాక తులసి విజయనగరం వచ్చి, కొట్టు గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, చెక్కుబుక్కు అతని ముందు పెట్టింది. శ్రీకూర్మం వెళ్ళి స్వామి ముందు పెట్టి తెచ్చానంది. "మా ఆయన సెప్పినాడు కదా, మన సామి పద్దతని. నువ్వే పెంచు అన్నయ్యా. ఆడు మట్టుకు బోటెక్కకూడదు." ఆడంటే వినోద్, అప్పటికి పదో తరగతి. ఆ పద్ధతికీ కూర్మనాథుడికీ ఏం సంబంధం లేదు తల్లీ, అది ఎవడో అమెరికావాడు పెట్టిన ముద్దుపేరు, అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె కళ్ళలో ఆ కొంచెం వెలుగు చూసి మూసుకున్నాడు. ఆ రోజు మూసిన నోరు ఇప్పటిదాకా తెరవలేదు.

మొదట్లో ఆరు నెలలకోసారి వెళ్ళి ఎంతుందో చెప్పేవాడు. తగ్గడం మొదలయ్యాక, నిలకడగా ఉందన్నాడు. ఇంకా తగ్గాక, ఇలాంటివి ఆగి చూడాలన్నాడు. తులసి తలూపేది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు, కానీ వినే మనిషి అలా నమ్మకంగా తలూపితే చెప్పేవాడి గుండె ఎంత కుంచించుకుపోతుందో ఆ సామెత కట్టినవాడికి తెలీదు. రెండేళ్ళ కిందట, పది సగం అయిన నెలలో, ఆమె బొండాం చెక్కబోతే వద్దన్నాడు. గొంతు బాలేదన్నాడు. ఆమె కడిగిన కత్తి అలాగే పట్టుకుని ఒక క్షణం అతని మొహం చూసి లోపల పెట్టేసింది. ఆ తర్వాత వెళ్ళిన రెండు సార్లూ తాగలేదు. వాళ్ళ డబ్బు తిన్నవాడికి వాళ్ళ నీళ్ళు దిగవు. వినోద్ చెయ్యెత్తు మనిషయ్యాడు. డ్రైవింగు నేర్చుకున్నాడు, మావయ్యా వ్యాను ఉంటే పేటలో చేప తెల్లారేసరికి పర్లాకిమిడి చేర్చెయ్యొచ్చు, అనేవాడు. వ్యాను లేకపోతే ఉన్న దారి ఒక్కటే, గుజరాతులో వేరావలు. అక్కడ బోటు నడిపే తండేళ్ళు ఆషాఢంలో ఇక్కడికి వచ్చి కుర్రాళ్ళకి అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోతారు, ఎనిమిది నెలలు ఒడ్డు ముఖం లేదు. తులసి తండ్రి కళింగపట్నం దగ్గర పోయాడు. పెద్దన్న వేరావలు నీళ్ళలో పోయాడు. కూర్మయ్య సొంత ఊరి ముందే పోయాడు.

ఉన్నట్టుండి చంద్రమౌళి కిటికీ చువ్వ గట్టిగా పట్టుకున్నాడు. ముగ్గురు. మూడు బోట్లు. ఏ ఇద్దరూ ఒకే బోటు ఎక్కలేదు. ఆచారం ఒక్కసారి కూడా తప్పలేదు, ఆ ఇంట్లో మగవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే, పద్ధతిగా, అయిపోయారు. ఇన్నేళ్ళు ఇది ఎలా కనపడలేదు? సముద్రం సముద్రమే, ఏ బోటులో ఎంతమందిని ఎక్కించినా. నియమం చేసేదల్లా అందరూ ఒకే రోజు పోకుండా చూడటం. కూర్మయ్యా, మనం కాపలా కాసుకున్నాం గానీ, ఏ సముద్రంలోకి వెళ్తున్నామో చూసుకోలేదు. వంకాయల ముసలమ్మ, కళ్ళు తిరుగుతున్నాయా నాయనా అని అడిగింది. లేదమ్మా, ఎండ, అన్నాడు. బయట మబ్బు పట్టి ఉంది.

కోటబొమ్మాళిలో బండి ఆగింది. గూడ్సు దాటాలట. తొమ్మిదీ పన్నెండు. ఈ ఊళ్ళోనే ఎక్కడో ఆ వ్యాను ఉంది, ఐసు పెట్టె వెనక తగిలించుకుని. చంద్రమౌళి ఫోను తీసి గడిలో తొమ్మిది వందలని రాశాడు. రాసి చూశాడు. ఆరేళ్ళలో ఆ గడిలో అంత పెద్ద అంకె ఎప్పుడూ వెయ్యలేదు. వంద రూపాయలు పెరిగితే చాలు. దిగితే? దిగితే ఇల్లంతా ఒకే బోటు. ఒక మనిషి తక్కువైనా బావమరిదిని ఎక్కించుకోని కూర్మయ్య గుర్తొచ్చాడు, కసిరిన గొంతుతో సహా. తొమ్మిది వందలు చెరిపేశాడు. బొటనవేలు, అలవాటున, రెండు వందల అయిదు అని తనంత తనే కొట్టేసింది. అదీ చెరిపేశాడు. తొమ్మిదీ పదిహేను అయింది, ధర కదిలింది, నాలుగు వందల యాభై తొమ్మిది, అరవై రెండు, అరవై ఆరు. పెరుగుతోంది. పెరగనీ. గడి ఖాళీగానే వదిలేసి, పక్కనున్న ఇంకో పుటలోకి వెళ్ళి, ఉన్న నాలుగు లక్షల పదివేలూ బ్యాంకుకి పంపమని నొక్కాడు. రేపటికి వచ్చేస్తుందని సమాధానం వచ్చింది. ఆరేళ్ళు పట్టిన పని అరనిమిషంలో అయిపోయింది.

గూడ్సు దాటి బండి కదిలేసరికి అతనికి చిత్రంగా ఆకలి వేసింది. నాలుగుంది. తొంభై వేలే తక్కువ. వ్యానువాడి కాళ్ళు పట్టుకుంటే వాయిదాల మీద ఇవ్వడా? తను హామీ ఉంటాడు. కొట్టు మళ్ళీ తెరిచి చింతపండు తూస్తాడు, నెలకి అయిదువేలు కడతాడు, కష్టమేం కాదు. తులసి తిడుతుంది. తిట్టనీ, చెప్పుతో కొట్టనీ, వినోద్ స్టీరింగు పట్టుకుంటే చాలు. ఇక ఆమెకి అబద్ధం చెప్పనని ఒట్టు పెట్టుకుని, ఎలా చెప్పాలో మాటలు కూర్చుకుంటూ ఉండగానే ఉప్పు మళ్ళు వచ్చేశాయి. వాన నీళ్ళు నిలిచిన చదరాలు, గట్ల మీద తాటాకులు కప్పిన ఉప్పు రాశులు. వాటిలో ఏదో ఒక రాశి నీడలో ఆ రోజు తనూ కూర్మయ్యా కూర్చుని తాబేలు పేరు చెప్పుకుని నవ్వుకున్నారు.

తులసి నౌపడ ప్లాట్‌ఫాం మీద వేపచెట్టు కింద నిలబడి ఉంది. వస్తున్నానని రాత్రి ఫోను చేసి చెప్పాడు. పక్కన ఖాళీ చేపల గంప, చేతిలో గోనె సంచి. నలభై అయిదేళ్ళకే జుట్టు సగం నెరిసింది. దగ్గరికి వెళ్ళి, ఆమె ఏదో అనబోతుంటే ఆపి, కూర్చుకున్న మాటలన్నీ మర్చిపోయి, ఒక్క గుక్కలో చెప్పేశాడు. పదిలో నాలుగు లక్షల పదివేలే ఉంది తులసీ, మిగతాది పోగొట్టేశాను, రెండేళ్ళుగా నీకు అబద్ధం చెప్తున్నాను.

"నాలుగున్నాదా?" అంది తులసి.

దెప్పుతోందనుకుని తలవంచుకున్నాడు. కాదు. ఆమె గొంతులో కోపం లేదు, నమ్మలేకపోవడం ఉంది.

"అంతా పోనాదనుకున్నాను అన్నయ్యా. నువ్వు నా సేతి బొండాం మానేసినావు. ఇంటికొచ్చి నీలు తాక్కుండా ఎల్లిపోయే మనిసి దగ్గిర మన డబ్బు మిగిలుంటాదేటి? నిన్ను నిలదీస్తే నువ్వేటైపోతావో అని నానే ఊరుకున్నాను." సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. "బండోడు నాలుగు తెచ్చిచ్చి, మిగిలిన లచ్చ నెలనెలా కొంత కొంత ఇచ్చుకోమన్నాడు. నాలుగున్నాదని పది రోజుల ముందు సెప్పుంటే..."

వినోద్ ఏడీ అని అడిగాడు చంద్రమౌళి. అడుగుతున్నప్పుడే తెలిసిపోయింది.

"ఆదివారం ఎల్లిపోనాడు. ఈరావలు. తండేలు దగ్గిర అడ్వాన్సు తీసీసుకున్నాడు, మరి తిరిగి రాడానికవదు."

అతను వచ్చిన బండి కూత వేసి పలాస వైపు వెళ్ళిపోయింది. ఆ చప్పుడు తగ్గేదాకా ఇద్దరూ పట్టాల వైపే చూశారు. డబ్బు పోగొట్టుకున్నవాడు లోకంలో అతనొక్కడే కాదు. మిగిలినదాన్ని కూడా సిగ్గుతో దాచిపెట్టి ఒక పిల్లాణ్ణి సముద్రానికిచ్చినవాడు మాత్రం అతనొక్కడే. ఇప్పుడు ఏడిస్తే ఆమె ఓదార్చాల్సి వస్తుంది, అందుకని ఏడవలేదు.

"ఒక్కడే కాదు, అప్పలసూరి కూడా ఎల్లినాడు," అంది తులసి. "ఆడొక బోటు, ఈడొక బోటు. ఒకే బోటెక్కితే నా మీద ఒట్టని సెప్పి పంపినాను." తర్వాత తలెత్తి అతని మొహంలోకి చూసింది. కూర్మయ్య పోయిన నెలలో కొట్టు గుమ్మం దగ్గర చూసినట్టే చూసింది. "నువ్వు సదువుకున్నోడివి అన్నయ్యా, నీకు తెలుస్తాది. ఆ పద్దతి మంచిదే కదా? ఇద్దరూ రెండు బోట్లలో ఉంటే ఆడికేటీ అవదు కదా?"

నలభై నాలుగు దెబ్బలు, మూడు బోట్లు, పుచ్చు చింతపండు, నాన్న సగం తిరిగిన మాట. ఇక ఈ మనిషికి అబద్ధం చెప్పనని ఇందాకే బండిలో ఒట్టు పెట్టుకున్నాడు. ఆ జవాబు ఈ లోకంలో అతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు.

"మంచి పద్ధతి తల్లీ," అన్నాడు. "ఏటీ అవదు."

ఆరేళ్ళ కిందట నమ్మినట్టే నమ్మింది. సంచిలోంచి బొండాం తీసి, సీసాలో నీళ్ళతో కత్తి ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు కడిగి, ఎండ లేకపోయినా అలవాటుగా పైకెత్తి చూపించి, చెక్కి ఇచ్చింది. చంద్రమౌళి రెండు చేతులతో పట్టుకుని తాగాడు.